దేవుడు మిమ్మల్ని ఏ పేరుతో పిలుస్తున్నాడో తెలుసుకోవడం ఎలా

మా పాలమూరు వైపు పెంటయ్య, పెంటమ్మ అనే పేర్లు ఎందుకు పెట్టేవాళ్లో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాత పుట్టిన బిడ్డను ఒకసారి పెంటకుప్ప మీద పడుకోబెట్టి తీసుకొచ్చి ఆ పేరే పెట్టేవాళ్లు, చావు కన్ను పడొద్దని. నా పేరు కూడా అదే. బడిలో హాజరు పిలిచినప్పుడల్లా వెనక బెంచీలో నవ్వులు. బాప్తిస్మం రోజు పాస్టరయ్యగారు అబ్రాహాము అని పెడితే, పీడ వదిలిందనుకున్నాను. కానీ ఆధార్‌లో పెంటయ్యే, రేషన్ కార్డులో పెంటయ్యే, కోపమొస్తే మా ఇంటామె నోట కూడా పెంటయ్యే. పిలుపు మారింది గాని లోపల కుంగు అట్లనే ఉంది. తర్వాత ఏం చేస్తే కాస్త తెరిపి వచ్చిందో అది చెబుతాను.

ముందు ఒక కాగితం తీసుకుని, జనం ఇప్పటిదాకా మీకు తగిలించిన పేర్లన్నీ రాయండి. పనికిరానోడు, గొడ్రాలు, టెన్త్ ఫెయిల్, ఏదైనా సరే. ఆనకట్టలు కట్టి, కాలువలు తవ్వి, పరాయి ఊళ్లలో గుడిసెలేసుకుని బతికిన మా జిల్లాకు ‘పాలమూరు లేబర్’ అనే పేరు మిగిలింది. అటు నల్లగొండలో, మర్రిగూడ, మునుగోడు వైపు, ఫ్లోరైడ్ నీళ్లతో కాళ్లు వంకరపోయిన మనిషిని చూస్తే చాలామందికి ముందు రోగమే గుర్తొస్తుంది, పేరు తర్వాత. రాయడానికి సిగ్గనిపించినదాన్ని అసలు వదలొద్దు.

ఎందుకంటే బైబిల్లో యాకోబు సంగతి చూడండి. గుడ్డివాడైన తండ్రి ‘నువ్వెవరు’ అని అడిగితే ‘ఏశావును’ అని అబద్ధమాడి దీవెన కొట్టేశాడు. ఏళ్ల తర్వాత యబ్బోకు రేవు దగ్గర రాత్రంతా పెనుగులాడినప్పుడు మళ్లీ అదే ప్రశ్న, నీ పేరేమిటని. ఈసారి ‘యాకోబు’ అన్నాడు. మోసగాడని అన్న ఏశావు దెప్పిపొడిచిన పేరే అది. ఇశ్రాయేలు అనే పేరు ఆ ఒప్పుకోలు తర్వాతే వచ్చింది, ముందు కాదు.

ఇక దేవుడిచ్చే పేర్ల దగ్గరికి వద్దాం. ఇక్కడే మనం తొందరపడతాం. యాభై బిరుదులున్న పోస్టరు కొని గోడకు అంటిస్తాం. నేనూ అంటించాను, నెల తిరిగేసరికి దాని మీద చొక్కాలు వేలాడేవి. ఒక్క పేరు చాలు, కానీ అది ఉన్న అధ్యాయం మొత్తం చదవండి, ఎవరితో, ఏ గడ్డుకాలంలో అన్నాడో చూడండి. యెషయా 62లో విడువబడినదానికి హెప్సీబా, అంటే ‘ఆమెలోనే నా ఆనందం’ అని పేరు పెట్టింది పాడుబడిన యెరూషలేముకు. అది చదివి ఏకంగా నాకు ప్లాటు రాసిచ్చాడన్నట్టు సాక్ష్యం చెప్పేవాళ్లను చూస్తే నాకు చిరాకు. కొత్తవాళ్లు యోహాను 1:12తో, 15:15తో మొదలుపెట్టడం మంచిది. ఒకచోట పిల్లలు, ఒకచోట స్నేహితులు. వట్టి మామూలు మాటల్లా కనిపిస్తాయి, కానీ నాయన చేత దెబ్బలు తిని పెరిగినవాడికి ‘పిల్లలు’ అన్న మాట అంత సులువుగా మింగుడుపడదు.

మింగుడుపడని పేరు తగిలితే అక్కడే ఆగండి. మిద్యానీయులకు భయపడి గానుగ చాటున గోధుమలు దుళ్లగొడుతున్న గిద్యోనును దూత ‘పరాక్రమం గల బలాఢ్యుడా’ అన్నాడు. మా ఇల్లు గోత్రంలో ఎన్నికలేనిది, ఇంట్లో నేను చిన్నవాణ్ని అని అతను వాదించాడు. మీరూ వాదించండి, గట్టిగానే, పుస్తకంలో రాసి మరీ.

ఆ తర్వాత ఆ పేరు మరొకరి నోట వినాలి, అద్దంలో చూసుకుంటూ మనకు మనమే అనుకుంటే పని జరగదు. సంఘంలో నమ్మకమైన పెద్దమనిషికో, తోటి చెల్లెలికో చెప్పి, ప్రార్థనలో నన్ను ఇట్లా జ్ఞాపకం చేయండి అని అడగండి. పాత పేరు మధ్యలో తిరిగొస్తే బెంగ వద్దు. పేతురుకు కేఫా, అంటే రాయి అని పేరిచ్చిన యేసే, పునరుత్థానం తర్వాత సముద్రం ఒడ్డున మూడుసార్లు ‘యోహాను కుమారుడవైన సీమోనూ’ అని పిలిచాడు.

దుఃఖంలో ఉన్నవాళ్లు దీన్ని బలవంతంగా చేయొద్దు. భర్త, ఇద్దరు కొడుకులు పోయాక నయోమి ‘నన్ను మారా అనండి’ అంది, మారా అంటే చేదు. ఎవరూ ఆమెతో వాదించలేదు, అలాగని రూతు గ్రంథం ఆ తర్వాత ఒక్కచోట కూడా ఆమెను మారా అనలేదు.

నేను మొన్నీమధ్య మా అమ్మను అడిగాను, గీ పేరే ఎందుకు పెట్టినవని. ‘నువ్వన్న మిగలాలని బిడ్డా’ అంది, బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ. సంఘంలో నన్ను అబ్రాహాము అనే పిలుస్తారు. ఒంటరిగా మోకరించినప్పుడు మాత్రం ‘ప్రభువా, పెంటయ్యను’ అనే మొదలుపెడుతున్నాను.