లాలాజల గ్రంథుల స్లైడుపై ఒక మేక ముక్క

అడవి జంతువుల లాలాజల గ్రంథులను పోల్చేవారిని విసిగించేది రంగు. జిగురును నీలంగా చూపే ఆల్షియన్ బ్లూ అనే రంగు ఒక రోజు ముదురుగా, మరో రోజు లేతగా పడుతుంది. తేడా నక్కకూ కృష్ణజింకకూ మధ్య ఉందో, రంగు సీసాలో ఉందో తేలదు.

రంగు సరిగ్గా పడిందో లేదో ప్రతి స్లైడుపైనా ఒక మేక ముక్కతో సరిచూసుకోవచ్చు. కడపలో ఏ మాంసం కొట్టులోనైనా అప్పుడే కోసిన మేక తల దొరుకుతుంది. చెవి కింది పరోటిడ్, నాలుక కింది సబ్‌లింగ్వల్ గ్రంథులు తీసి, 5 మిల్లీమీటర్ల ముక్కలు చేయండి. వాటికి ఇరవై రెట్లు 10 శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో 24 గంటలు ఉంచి, పారఫిన్ (మైనం) దిమ్మె కట్టండి. ఇక ప్రతి స్లైడుపైనా అడవి జంతువు గ్రంథి కోత (దిమ్మె నుంచి తీసిన పలుచని పొర) పక్కనే ఈ రెండు కోతలూ ఎక్కించండి. అన్నీ 5 మైక్రాన్ల మందమే ఉండాలి. పీహెచ్ 2.5 ఆల్షియన్ బ్లూలో 30 నిమిషాలు చాలు. మేక సబ్‌లింగ్వల్‌లో జిగురు కణాలు నిండు నీలంగా, పరోటిడ్ కణాలు దాదాపు రంగు పట్టకుండా ఉంటేనే ఆ స్లైడును లెక్కలోకి తీసుకోండి. ఒకే దిమ్మె ఎన్నో స్లైడులకు వస్తుంది.

అటవీ శాఖ అనుమతితో నమూనా తీసిన కళేబరం అనంతపురం ఎండలో గంటల తరబడి పడి ఉంటే మాత్రం ఈ మేక ముక్క పరీక్ష అక్కరకు రాదు. నమూనా పాడైనా మేక ముక్క చక్కగానే కనిపిస్తుంది. పక్క కోతలో కేంద్రకాలు వెలిసి, కణాల హద్దులు చెదిరి ఉంటే ఆ నమూనాను పోలికలో చేర్చకండి.