పాత ఎంజీబీ ఓపెన్ టాప్ కారు కొనేదెలా?

పాత కారు చూడబోతే అందరూ ముందు బానెట్ తెరుస్తారు. ఎంజీబీ రోడ్‌స్టర్ దగ్గర మాత్రం ముందు మోకాళ్ల మీద కూర్చుని తలుపుల కింద చూడండి.

ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్‌లో 1962 నుంచి 1980 వరకు తయారైన కారు ఇది. గట్టి పైకప్పున్న జీటీ కూపేలతో కలిపి 5 లక్షలకు పైగా చేశారు, చాలావరకు అమెరికాకే వెళ్లాయి. అందుకే అక్కడా, బ్రిటన్‌లోనూ ఉన్న మనవాళ్లకు ఇప్పటికీ దొరుకుతోంది. తొందరపడి మొదటి కారుకే అడ్వాన్స్ ఇవ్వకండి.

దీనికి విడిగా ఛాసిస్, అంటే అడుగు ఫ్రేము, ఉండదు; బరువంతా బాడీయే మోస్తుంది. గట్టి పైకప్పు లేదు కాబట్టి తలుపుల కింద ఉండే సిల్స్ గట్టిగా ఉండాలి. అవి తుప్పు పడితే కారు నడుము విరిగినట్టే. తలుపు వేసి, దాని వెనక అంచు సందు చూసుకోండి. అమ్మేవారిని అడిగి సిల్ పక్కనున్న జాకీ పాయింట్ దగ్గర కారు లేపించండి. సందు తగ్గినా, తలుపు పట్టేసినా ఆ కారు వదిలేయండి. ఒక్క జాకీ మీద ఉన్న కారు కిందకి మాత్రం దూరకండి.

తర్వాత పలచటి గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని సిల్స్ మీదా, ముందు చక్రాల వెనకున్న రేకు మీదా ఆనించండి. అంటుకోకపోతే లోపల పుట్టీ ఉంది. సీట్ల వెనక కార్పెట్ ఎత్తితే బ్యాటరీ పెట్టెలు కనిపిస్తాయి, అక్కడా తుప్పు మామూలే.

1798 సీసీ ఇంజన్ మొండిది, బాగుచేయడమూ తేలికే. వేడెక్కాక రోడ్డు మీద ఆయిల్ ప్రెషర్ 50 పీఎస్ఐ దగ్గర ఉంటే నిశ్చింత. వేగంగా వెళ్లేటప్పుడు ఇంజన్ తక్కువ తిరిగేలా చేసే ఓవర్‌డ్రైవ్ ఉంటే వేసి చూడండి. ముందు చక్రాలు పక్కకు తిరిగే ఇరుసుల్లాంటి కింగ్‌పిన్‌లు గ్రీజు పెట్టకపోతే అరిగిపోతాయి కాబట్టి ముందు చక్రం పైనా కిందా పట్టుకుని ఊపి, వదులుగా ఉందేమో చూడండి.

1974 చివర్లో అమెరికా భద్రతా నిబంధనల కోసం నల్ల రబ్బరు బంపర్లు పెట్టి, కారు ఎత్తు పెంచారు. అందం, మలుపుల్లో పట్టు రెండూ కొంత తగ్గాయి. అందుకే క్రోమ్ బంపర్ కార్లకు ధర ఎక్కువ. అయినా తుప్పు పట్టిన క్రోమ్ కారు కంటే గట్టి సిల్స్ ఉన్న రబ్బరు బంపర్ కారే నయం అంటాను.

కాగితాల్లోని నంబర్లు కారు మీదివాటితో సరిపోల్చుకోండి. ఇంగ్లండ్‌లో గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఇచ్చే హెరిటేజ్ సర్టిఫికెట్ ఉంటే, కారు ఫ్యాక్టరీ నుంచి ఏ రంగులో వచ్చిందో కూడా తెలుస్తుంది.

బేరానికి ముందు మడిచే టాప్‌ను మీ చేత్తో ఒకసారి వేసి తీయండి. వెనక ప్లాస్టిక్ కిటికీ చిరిగి ఉంటే ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.