పెద్ద పళ్ల ఆపరేషన్‌కు ముందు మత్తు భయాన్ని ఎలా తట్టుకోవాలి?

నాలుగు జ్ఞానదంతాలు ఒకేసారి తీయించుకోవాలన్నా, దవడ ఎముక సరిచేయించుకోవాలన్నా, వరసగా ఇంప్లాంట్లు వేయించుకోవాలన్నా జనం కత్తికి అంతగా భయపడరు. మత్తుకు భయపడతారు. ఇలాంటి ఆపరేషన్లు చేసే థియేటర్‌లో పేషెంట్లను సిద్ధం చేసే నర్సును నేను. భయపడొద్దని ఎవరికీ చెప్పను, చెప్పినా వినేది కాదు అది. నాకు విసుగు పుట్టించేది వేరే ఉంది. వారం రోజులు ఎవరితోనూ ఏమీ అనకుండా లోలోపలే నలిగిపోయి, టేబుల్ మీద పడుకున్నాక నా చెయ్యి పట్టుకుని "సిస్టర్, నాకు మెలకువ వస్తుంది కదా?" అని అడుగుతారు. ఆ వేళకి నేను చెప్పగలిగింది "ఆఁ, వస్తుంది" అన్న ఒక్క ముక్కే. అదే మాట వారం ముందు అడిగి ఉంటే సగం భయం ఇంటి దగ్గరే వదిలేసి వచ్చేవాళ్లు.

కావలసినవి

పాత రిపోర్టులు. రోజూ వేసుకునే మందుల స్ట్రిప్పులు (చీటీ చాలదు, స్ట్రిప్పులే తెండి). ఒక తెల్ల కాగితం, పెన్ను. మోచేతి పైకి సులువుగా వెళ్లే పొట్టి చేతుల చొక్కా లేదా జాకెట్టు. ఒక మనిషి తోడు. ఒక్కరే, ఇద్దరు వద్దు. ఇద్దరొస్తే వెయిటింగ్ హాల్లో కూర్చుని మత్తు వికటించిన కథలు మీకు వినపడేలా చెప్పుకుంటారు. ఆపరేషన్ పొద్దున్నే మొదటి కేసుగా పెట్టమని అడగండి. మధ్యాహ్నం దాకా ఖాళీ కడుపుతో, ఖాళీ బుర్రతో కూర్చుంటే ఎంత ధైర్యవంతుడైనా నీరుగారిపోతాడు.

1. భయం ఏమిటో రాసుకోండి

"మత్తంటే భయం" అంటే ఎవరూ ఏమీ చేయలేరు. మళ్లీ మెలకువ రాదేమోనని భయమా? మధ్యలో మెలకువ వచ్చేస్తుందనా? స్పృహ లేకుండా ఏదేదో వాగేస్తామనా? సూది భయమా? ముఖానికి మాస్క్ పెడితే ఊపిరాడదనా? మీది ఏదో రాయండి. కాగితం మీదే రాయాలి, ఫోన్‌లో కాదు. ఫోన్ తీస్తే పక్కనే యూట్యూబ్ ఉంటుంది. అది తెరిచారంటే ఇక రాసేదేమీ ఉండదు, రాత్రి నిద్ర కూడా ఉండదు.

2. మీకు ఇవ్వబోయేది ఏ మత్తో అడగండి

ముక్కుకు చిన్న మాస్క్ పెట్టి పీల్పించే నైట్రస్ ఆక్సైడ్ అన్నిటికంటే తేలికైనది. హాయిగా, మబ్బుగా ఉంటుంది, ఆపేసి ఆక్సిజన్ పెట్టిన కాసేపటికి తేలిపోతుంది. రెండోది సెడేషన్. నరంలోకి మిడజోలమ్ లాంటి మందు ఎక్కించి జోగేలా చేస్తారు. మూడోది జనరల్, అంటే పూర్తి నిద్ర. ఊపిరికి గొట్టం వేస్తారు, నోట్లో పని కాబట్టి చాలాసార్లు దాన్ని ముక్కులోంచి వేస్తారు.

గొడవంతా రెండో దానితోనే. సెడేషన్ అంటే పూర్తి నిద్ర అనుకుని వస్తారు. కాదు. పేరు పెట్టి పిలిస్తే పలుకుతారు, మాటలు వినపడొచ్చు, దవడ మీద ఒత్తిడి తెలుస్తుంది. నొప్పిని ఆపేది చిగుళ్లకు ఇచ్చే తిమ్మిరి ఇంజెక్షన్, సెడేషన్ పని కంగారును ఆపడం. ఈ సంగతి ముందు తెలియనివాళ్లు డాక్టర్ గొంతు వినపడగానే "మత్తు పనిచేయలేదు" అని బెదిరిపోతారు. పని చేస్తోంది కాబట్టే అలా వినపడుతోంది.

ఇంకొక మాట. ఆపరేషన్లకు మత్తు వాడొచ్చని లోకానికి చూపించింది పెద్ద సర్జన్లేమీ కాదు, అమెరికా పళ్ల డాక్టర్లు. హొరేస్ వెల్స్ 1844లో నైట్రస్ ఆక్సైడ్ పీల్చి తన పన్నే తీయించుకున్నాడు. ఆయన దగ్గర పని నేర్చుకున్న విలియం మోర్టన్ 1846 అక్టోబర్ 16న బోస్టన్‌లో ఈథర్ ఇచ్చి చూపించాడు. "పళ్ల డాక్టర్ దగ్గర మత్తేమిటి?" అని ముక్కు విరిచేవాళ్ల కోసం చెబుతున్నాను.

3. మత్తు డాక్టర్‌తో ముందే, ఒంటరిగా మాట్లాడండి

అందరూ చెడగొట్టుకునేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

మీ భయాన్ని తగ్గించగలిగినవాళ్లు పళ్ల డాక్టర్ కాదు, నేనూ కాదు, మత్తు డాక్టర్. చాలా క్లినిక్కులకు ఆయన బయటినుంచి వస్తారు. కేసుకు కాస్త ముందు వచ్చి, అయ్యాక ఇంకో ఆస్పత్రికి పరుగెడతారు. అందుకే తేదీ ఖాయం చేసుకునేటప్పుడే "మత్తు డాక్టర్ గారితో ఒకసారి మాట్లాడాలి, ఫోన్‌లో అయినా పర్వాలేదు" అనండి. పెద్ద ఆస్పత్రుల్లో దీనికి పీఏసీ (మత్తుకు ముందు చేసే పరీక్ష) అని విడిగా ఓపీ ఉంటుంది. మాట్లాడటం కుదరదని చెప్పే చోట మత్తు తీసుకోకండి. నరంలోకి మత్తు ఇచ్చేటప్పుడు పన్ను తీసే మనిషి వేరు, మత్తు చూసుకునే మనిషి వేరుగా ఉండాలి. ఆ రెండో మనిషి చివరిదాకా గదిలోనే ఉంటారా అని కూడా అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడొద్దు, మంచి డాక్టర్ ఎవరూ ఏమీ అనుకోరు.

లోపలికి మీరొక్కరే వెళ్లండి. భర్త పక్కనుంటే భార్య నిద్రమాత్రల సంగతి చెప్పదు. కొడుకు పక్కనుంటే తండ్రి రోజూ వేసే పెగ్గు సంగతి చెప్పడు. దవడ ఆపరేషన్‌కు వచ్చిన ఒకాయన నోరు తెరవమంటే రెండు వేళ్లు కూడా పట్టనంత కొంచెమే తెరిచాడు. గుట్కా వేస్తారా అంటే "ఎప్పుడైనా, అదీ ఫ్రెండ్స్ ఇస్తే" అన్నాడు. చొక్కా జేబులో ప్యాకెట్టు అంచు కనబడుతూనే ఉంది. గుట్కాతో బుగ్గలు లోపల బిగుసుకుపోయి నోరు తెరుచుకోదు, జనరల్ ఇచ్చినప్పుడు గొట్టం వేయడం కష్టమవుతుంది. ముందే తెలిస్తే ముక్కులోంచి కెమెరాతో చూస్తూ వేయడానికి ఏర్పాట్లు చేసుకుంటారు. తెలియకపోతే ఆ ఇబ్బంది మీరు స్పృహలో లేనప్పుడు బయటపడుతుంది. అసలు భయపడాల్సింది దానికి.

ఇవన్నీ దాచకుండా చెప్పండి: గట్టిగా గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేస్తారా, ఆస్తమా ఉందా, గర్భం ఉండే అవకాశం ఉందా, జలుబు దగ్గు ఉన్నాయా, కదిలే పన్ను, కట్టుడు పళ్లు ఉన్నాయా. బరువు తగ్గడానికో షుగర్‌కో సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ తీసుకుంటుంటే తప్పకుండా చెప్పాలి, దానివల్ల పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలను సాధారణంగా మూడు రోజుల ముందే ఆపమంటారు. రక్తం పల్చబడే మాత్రలను మాత్రం మీ అంతట మీరు ఆపకండి, గుండె డాక్టర్‌ను అడగాలి.

ఇంట్లో ఎవరికైనా మత్తు సరిపడలేదా అన్నదీ ముఖ్యమే. మన దగ్గర మత్తు డాక్టర్లు కొందరు "మీరు వైశ్యులా?" అని అడుగుతారు, పేషెంట్లు చిన్నబుచ్చుకుంటారు. దానికి కారణం ఉంది. ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి సక్సినైల్‌కోలిన్ అనే మందును శరీరంలో విరగ్గొట్టే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. జనరల్‌లో కండరాలు వదులవడానికి ఇచ్చే ఈ మందు మామూలుగా నిమిషాల్లో దిగిపోతుంది, వాళ్లకు గంటల తరబడి దిగదు. అప్పటిదాకా మెషీన్‌తో ఊపిరి ఇవ్వాల్సి వస్తుంది. ముందే తెలిస్తే వేరే మందు వాడతారు, అంతటితో సరి.

ఆ తర్వాత కాగితం తీసి మీ భయం చదవండి. "కొంచెం టెన్షన్‌గా ఉంది సార్" అనకండి, ఆ మాట అందరూ అంటారు. "మాస్క్ పెడితే ఊపిరాడనట్టు ఉంటుంది" అనండి, మాస్క్ మీ చేతికే ఇచ్చి పట్టుకోమంటారు, లేదా ముందు నరంలోకి మందు ఇస్తారు. మెలకువ రాదేమో అంటే, వేలికి పెట్టే క్లిప్పు ఆక్సిజన్ ఎంతుందో క్షణక్షణం చూపిస్తుందని, మిడజోలమ్‌కు విరుగుడుగా ఫ్లుమాజెనిల్ అనే ఇంజెక్షన్ ఉందని చెబుతారు. అది క్లినిక్‌లో ఉందా అని అడగండి. వాగుతామేమో అని భయపడేవాళ్లకు నేనే చెబుతా: కొందరు వాగుతారు, నిజమే. కానీ నోటినిండా గాజుగుడ్డ ఉండగా ఏమన్నారో మాకు ఒక్క ముక్క అర్థం కాదు, వినే తీరికా ఉండదు.

రెండు విషయాలు ముందే ఒప్పందం చేసుకోండి. ఒకటి, ప్రతిదీ చెప్పి చేయాలా, చెప్పకుండా కానిచ్చేయాలా. కొందరికి చెబితే ధైర్యం, కొందరికి చెబితే వణుకు. రెండు, తేలికపాటి సెడేషన్ అయితే ఇబ్బందిగా ఉన్నప్పుడు ఎడమ చెయ్యి ఎత్తుతామని చెప్పండి. కుడి చెయ్యి వద్దు, అక్కడ డాక్టర్ ఉంటారు. ఆపించే వీలు తన చేతిలో ఉందని తెలిసినవాళ్లు సాధారణంగా చెయ్యి ఎత్తనే ఎత్తరు.

4. ముందు రాత్రి, ఆ ఉదయం

అన్నం, టిఫిన్ ఆరు గంటల ముందు ఆపాలి. బిర్యానీ, పూరీ లాంటి నూనె వంటకాలైతే ఎనిమిది. పాలు కలిసిన కాఫీ, టీ కూడా ఆరు గంటల లెక్కే, పల్చటి మజ్జిగైనా అంతే. మంచినీళ్లు రెండు గంటల ముందు వరకు తాగొచ్చు. మీ డాక్టర్ ఇంకోలా చెబితే అదే పాటించండి. మత్తులో దగ్గు మొద్దుబారుతుంది, కడుపులోది పైకి తన్నితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, అందుకీ పస్తు. "ఖాళీ కడుపుతో కళ్లు తిరుగుతాయి, ఒక్క ఇడ్లీ తినరా" అనే అమ్మలకు ఇది ముందే చెప్పి ఉంచండి. ఆ ఒక్క ఇడ్లీకి కేసు వాయిదా పడుతుంది, మళ్లీ వారం రోజులు అదే భయం.

నిద్ర పట్టదని బావగారి ఆల్ప్రజోలం (కంగారు తగ్గించి నిద్ర పట్టించే మాత్ర) సగం విరిచి వేసుకోకండి. మీ అంతట మీరు వేసుకుని చెప్పకుండా వస్తే, మేమిచ్చే మందుతో కలిసి ఊపిరిని మందగింపజేస్తుంది. కావాలంటే డాక్టరే రాసిస్తారు. బీపీ మాత్ర గుక్కెడు నీళ్లతో వేసుకోవాలా, షుగర్ మాత్ర మానాలా అన్నది మూడో మెట్టులోనే అడిగేసి ఉండాలి. గోళ్ల రంగు తీసేయండి, క్లిప్పు సరిగా చదవదు.

5. సూది, ఆ తర్వాతి నిమిషం

క్యాన్యులా, అంటే మందు ఎక్కించడానికి నరంలో ఉంచే సన్నటి గొట్టం, పెట్టేచోట తిమ్మిరి క్రీము రాయించుకోవచ్చు, కానీ గంట ముందు రాయాలి. చివర్లో అడిగితే ఉపయోగం లేదు.

సూది చూస్తే గుండె దడదడలాడేవాళ్లు వేరు, కళ్లు తిరిగి పడిపోయేవాళ్లు వేరు. ఇద్దరికీ ఒకే సలహా ఇవ్వడం నాకు ఒళ్లుమంట. దడ వచ్చేవాళ్లు ముక్కుతో నాలుగు లెక్కపెట్టే వరకు పీల్చి, ఆరు లెక్కపెట్టే వరకు వదలండి. పడిపోయేవాళ్లకు బీపీ పడిపోతుంది, వాళ్లను "వదులుగా ఉండు" అంటే ఇంకా పడిపోతారు. వాళ్లు పడుకునే ఉండి తొడలు, పొట్ట, సూది లేని చేతి పిడికిలి పది పదిహేను సెకన్లు బిగబట్టాలి, ముఖం వెచ్చబడేదాకా. తర్వాత అర నిమిషం వదిలి మళ్లీ బిగించాలి. ఇలా ఐదుసార్లు. ఇంటి దగ్గర సాధన చేసి వస్తేనే అక్కడ గుర్తొస్తుంది.

చెవిలో పాటలో, హనుమాన్ చాలీసాయో పెట్టుకోవచ్చు, ఒక్క చెవికే. రెండో చెవి మాకు కావాలి, పిలిస్తే పలుకుతున్నారా అని చూస్తాం. ప్రోపోఫాల్ అనే మత్తు మందు నరంలోకి ఇస్తుంటే, అది పాలలా తెల్లగా ఉంటుంది, చెయ్యి వెంబడి మంట పుట్టొచ్చు. అది మామూలే. చాలామంది ఆ మంటకే "ఏదో తేడా కొడుతోంది" అని లేవబోతారు.

మిడజోలమ్ ఇచ్చాక జరిగింది చాలామందికి గుర్తుండదు. గాజుగుడ్డ కొరుకుతూ, బుగ్గ మీద ఐస్ పెట్టుకుని "ఇంకా ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడిగేవాళ్లను చూస్తూనే ఉంటాను.

6. ఇంటికి

తోడొచ్చిన మనిషితోనే వెళ్లాలి, ఆటోలోనో కారులోనో. బండి వెనక కూర్చుని వద్దు, మబ్బులో జారిపోతారు. 24 గంటలు డ్రైవింగ్, మద్యం, పొయ్యి దగ్గర పని, బ్యాంకు కాగితాల మీద సంతకాలు ఏవీ వద్దు. ఆ రాత్రి ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. లేపినా లేవకుండా మత్తుగా ఉన్నా, ఊపిరి సరిగా ఆడకపోయినా, రక్తం ఆగకపోయినా ఫోన్ చేసి కూర్చోకుండా నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

డిశ్చార్జి కాగితంలో ఏ మత్తు మందు ఎంత ఇచ్చారో రాయమని అడిగి, దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి. తర్వాతిసారి మోకాలికో గాల్‌బ్లాడర్‌కో మత్తు ఇవ్వాల్సి వస్తే అక్కడి డాక్టర్ మొదట అడిగేది అదే.