కుండ పెంకును చూసి, ఒక చోటికి కొత్త రకం కుండ ఎలా వచ్చిందో (కొత్త జనం తెచ్చారా, ఉన్నవాళ్లే నేర్చారా) చెప్పడం ఎలా?

కావలసినవి: పాత టూత్‌బ్రష్, బకెట్ నీళ్లు, భూతద్దం, నోట్‌బుక్. అంతే. పెంకుల కోసం మీరే ఎక్కడా తవ్వకండి. తవ్వకాల్లో బయటపడి, ఏ పొరలో దొరికిందో రాసిపెట్టినవే పనికొస్తాయి.

1. కడిగి నీడలో ఆరబెట్టండి. రంగు గీతలున్న వాటిని మాత్రం తడపకండి.

2. పొరల వారీగా పరచండి. దక్షిణ భారతంలో కింది పొరల్లో నవీన శిలాయుగపు బూడిదరంగు పెంకులు, పైకి వచ్చేకొద్దీ నలుపు-ఎరుపు పెంకులు కనిపిస్తాయి. మన ఊళ్లలో రాక్షసగుళ్లు అనే సమాధుల్లోనూ ఈ నలుపు-ఎరుపువే దొరుకుతాయి. లోపలా, మూతి దగ్గరా నలుపు, బయట కిందంతా ఎరుపు. ఊకలో బోర్లించి కాలిస్తే, గాలి తగలని చోట అలా నల్లబడుతుంది.

3. విరుపు, అంటే పెంకు విరిగిన అంచు చూడండి. ఇక్కడే అందరూ బోల్తా పడతారు. రంగు మారింది కదా, కొత్త జనం వచ్చేశారని రాసేస్తారు. 1947లో కర్ణాటకలోని బ్రహ్మగిరిలో తవ్విన బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త వీలరే అలా అనుకున్నారు. అదే తవ్వకంలో పాత కుండలూ కొత్త కుండలూ కలిసి దొరికిన పొర కూడా ఉంది మరి!

రంగు, ఆకారం పక్క ఊరి కుండను చూసి దించేయొచ్చు. మట్టిని పైకి లేపే చేతి నేర్పు అలా రాదు, పక్కన కూర్చుని ఏళ్లతరబడి నేర్చుకోవాలి. అందుకే పెంకు ముఖం కాదు, విరిగిన చోటు చూడాలి. అదీ ఏటవాలుగా పడే వెలుగులో. పొద్దుటి ఎండైనా, పక్కనుంచి వేసిన టార్చ్ లైటైనా సరే. మట్టిచుట్టలు పేర్చిన కుండైతే విరుపులో వాలుగా అతుకు కనిపిస్తుంది.

లోపల సన్నటి అడ్డగీతలు ఉన్నాయని వెంటనే "కుమ్మరి సారె మీద చేశారు" అనకండి. చుట్టలు పేర్చిన కుండను చివర్లో తిప్పుతూ నునుపు చేసినా అవే గీతలు పడతాయి. మొదట్లో నేనూ ఒక పెట్టె నిండా "సారె" అని రాసి, మూడు రోజులు కూర్చుని కొట్టేసుకున్నాను. ఇప్పుడు పొరకు యాభై పెంకులైనా చూడనిదే నోరు విప్పను.

రంగు కొత్తది, అతుకు పాతదే అయితే స్థానిక కుమ్మరే కొత్త పోకడ పట్టాడని నా లెక్క. రెండూ ఒకేసారి మారితే బయట పని నేర్చినవాళ్లెవరో వచ్చి ఉండాలి. కోడలైనా కావచ్చు, ఊరంతా అక్కర్లేదు.

డీఎన్ఏ ఉండగా ఇదంతా ఎందుకంటారు కొందరు. యూరప్‌లో అది బాగా పనికొచ్చింది, కాదనను. 2018లో 400 మంది ప్రాచీనుల డీఎన్ఏ చూస్తే, బెల్ బీకర్ అనే గంట ఆకారపు కుండ వాడిన స్పెయిన్ వైపు వాళ్లకూ మధ్య యూరప్ వాళ్లకూ పెద్దగా చుట్టరికం తేలలేదు, అంటే అక్కడ పాకింది కుండే, జనం కాదు. బ్రిటన్‌లో మాత్రం ఆ కుండతో వచ్చిన జనం కొన్ని వందల ఏళ్లలో అక్కడి వారసత్వాన్ని 90 శాతం దాకా మార్చేశారు. మన వేడి నేలలో ఎముకల్లో డీఎన్ఏ నిలవడమే కష్టం. పెంకే దిక్కు.

4. పొర నంబరు పెంకు లోపలివైపు చిన్నగా రాయండి. విరుపు మీద రాయకండి, రేపు దాన్ని చూడాల్సినవాళ్లు ఇంకొకరుంటారు.