కొత్తగా వేసిన టైల్స్ డొల్ల మోగుతుంటే, పైకి లేస్తుంటే పరిహారం ఎలా రాబట్టాలి?

టైల్స్ వేయించి ఏడాది తిరగకముందే హాలు మధ్యలో లేచిపోయాయని, నడుస్తుంటే కింద డొల్ల మోగుతోందని చాలామంది నా దగ్గరకు వస్తుంటారు. ఫొటోలు చూపించమంటే కొత్తగా మార్చిన టైల్స్ ఫొటోలు చూపిస్తారు. పాతవి ఏవమ్మా అంటే, మేస్త్రీతో పీకించేసి ట్రాక్టర్లో పంపించేశాం అంటారు. ఇక ఆ కేసులో మనం చేయగలిగింది సగానికి సగం తగ్గిపోయినట్టే. ఎన్నేళ్లుగానో ఇలాంటి ఫిర్యాదులు రాసిపెడుతున్నాను. చట్టం తెలియక నష్టపోయినవాళ్లకంటే తొందరపడి రుజువు చేజార్చుకున్నవాళ్లే నాకు ఎక్కువగా కనిపించారు. అందుకే ఏ పని తర్వాత ఏ పని చేయాలో ఇక్కడ రాస్తున్నాను. వరుస మాత్రం మార్చకండి.

ముందు దగ్గర పెట్టుకోవలసినవి

టైల్స్ బిల్లు, టైల్స్ వచ్చిన అట్టపెట్టె, మిగిలిన టైల్స్, మేస్త్రీకి డబ్బు కట్టిన ఆధారాలు. వీటితోపాటు ఒక చాక్‌పీసు, టేపు, ఐదు రూపాయల బిళ్ల, రసమట్టం, ఫోను. ఇంతే. అట్టపెట్టె పక్కన బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు, గ్రేడు అచ్చువేసి ఉంటాయి. ఆ ముక్క కత్తిరించి బిల్లుకు పిన్ను కొట్టి పెట్టుకోండి. మిగిలిన టైల్స్‌ను మేస్త్రీకి ఇచ్చేయకండి, కనీసం మూడు ఇంట్లో ఉంచండి.

బిల్లు లేదా? షాపుకు వెళ్లి అడగండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లు కింద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని ఉందని భయపడకండి. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోనంటే అది కూడా అదే చట్టం కింద తప్పే. మేస్త్రీకి నగదు ఇచ్చి ఉంటే, అడుగుకు ఎంత మాట్లాడుకున్నారో, మొత్తం ఎంత ముట్టిందో వాట్సాప్‌లో మామూలుగా అడిగి జవాబు తెప్పించుకోండి. గొడవ మొదలవకముందే ఈ పని అయిపోవాలి.

బాధ్యత ఎవరిది?

షాపువాళ్లు మేస్త్రీ సరిగా వేయలేదంటారు, మేస్త్రీ టైల్సే బాగాలేవంటాడు. ఈ ఇద్దరి మధ్య జనం నెలల తరబడి తిరుగుతుంటారు. ఎవరిది తప్పో తేల్చాల్సిన బరువు మీరొక్కరే మోయక్కర్లేదు. షాపు, కంపెనీ, టైల్స్ వేసిన కాంట్రాక్టరు, ముగ్గురినీ ఒకే ఫిర్యాదులో ప్రతివాదులుగా చేర్చండి. సరుకులో లోపం, సేవలో లోపం రెండూ ఈ చట్టం కిందకే వస్తాయి. ఒక్కరినే చేరిస్తే వాళ్లు లేనివాళ్ల మీదకు నెట్టేస్తారు.

అయినా లక్షణాలు తెలిసి ఉండటం మంచిది. మిగిలిన కొత్త టైల్స్ రెండింటిని ముఖాముఖి ఆనించి చూడండి. ఊగుతున్నా, మూలల్లో సందు కనిపిస్తున్నా టైల్‌కే వంపు ఉందని అర్థం. ఒకే బ్యాచ్‌లో రంగు తేడా, సైజు తేడా, పైపూత మీద చిన్న చిన్న రంధ్రాలు కూడా సరుకు లోపాలే. డొల్ల మోత, ఎగుడుదిగుడు, బాత్రూంలో వాటం తప్పడం మాత్రం చాలావరకు వేయడంలో జరిగిన తప్పులు. సందు వదలకుండా టైల్‌కు టైల్ ఆనించి వేస్తే, వేడికి, తేమకు వ్యాకోచించినప్పుడు జరిగే చోటు లేక గుడారంలా పైకి లేస్తాయి. సందు కనిపిస్తే అందం పోతుందని ఇంటివాళ్లే మేస్త్రీని ఒత్తిడి చేస్తుంటారు. దయచేసి ఆ పని చేయకండి, రేపు అదే మాట మీకు ఎదురొస్తుంది.

విట్రిఫైడ్ టైల్ నీళ్లను దాదాపుగా పీల్చదు. అందుకే ఉత్త సిమెంటు పాలు పోసి వేస్తే పట్టు సరిగా దొరకదు, దానికి టైల్ అడెసివ్ (టైల్స్ అతికించే జిగురు) వాడాలి. ఆ అడెసివ్‌కు ఐఎస్ 15477 అని భారతీయ ప్రమాణమే ఉంది. ‘ఇరవై ఏళ్లుగా సిమెంటుతోనే వేస్తున్నాం’ అనే మేస్త్రీ మాట బండలకు సరిపోతుంది కానీ వీటికి సరిపోదు.

అపార్ట్‌మెంటులో బిల్డరే వేయించి ఇస్తే దారి వేరు. రెరా చట్టం (బిల్డర్ల మీద నియంత్రణ కోసం తెచ్చిన రియల్ ఎస్టేట్ చట్టం) 14వ సెక్షను ప్రకారం ఫ్లాటు స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు పనితనంలో, నాణ్యతలో లోపం బయటపడితే, తెలియజేసిన 30 రోజుల్లో బిల్డరు తన ఖర్చుతోనే సరిచేయాలి.

రుజువు భద్రం చేయడం: తప్పు జరిగేది ఇక్కడే

ఒక్క టైల్ కూడా పీకకండి, పీకనివ్వకండి. షాపు నుంచి వచ్చిన మనిషి ‘ఒకటి తీసి చూద్దాం సార్’ అన్నా సరే ఒప్పుకోకండి. పైకి లేచినచోట పిల్లలు తట్టుకుని పడతారనుకుంటే చుట్టూ కుర్చీలు అడ్డం పెట్టండి.

ఇది నేను అనుభవం మీద చెబుతున్న మాట. 2016లో ఒక రాత్రి మా హాల్లో పెద్ద శబ్దం వచ్చింది. లేచి చూస్తే సోఫా ముందు రెండు టైల్స్ ఒకదానికొకటి తలలు ఆనించుకుని నిలబడ్డాయి. తెల్లారగానే మేస్త్రీని పిలిచి వాటితోపాటు చుట్టూ ఉన్న తొమ్మిదింటిని తీయించేశాను. ఆ తర్వాత షాపువాళ్లు ఒకటే మాట పట్టుకున్నారు: తీసేటప్పుడు మీరే పగలగొట్టారు, మిగతావి అదిరి డొల్లబారాయి. దానికి నా దగ్గర జవాబు లేదు. నాకు జరిగింది ఇంకెవరికీ జరగకూడదనే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు గది ఖాళీ చేయండి. గుమ్మం పక్క మూల నుంచి మొదలుపెట్టి ప్రతి టైల్‌ను ఐదుచోట్ల, అంటే నాలుగు మూలలూ మధ్యలో, బిళ్లతో తట్టండి. గట్టిగా పట్టుకున్న టైల్ ‘టక్’మంటుంది, డొల్ల ఉన్నది కుండ మీద కొట్టినట్టు మోగుతుంది. ఒకటి రెండు నిమిషాల్లో చెవికి తేడా పట్టుబడుతుంది. డొల్ల ఉన్న చోటల్లా చాక్‌పీసుతో గీయండి. తెల్లటి టైల్స్ అయితే రంగు చాక్‌పీసు వాడండి. కొందరు స్కెచ్ పెన్నుతో గీస్తారు, అది వద్దు, మరక పడితే ఆ మరక కూడా మీ తప్పే అంటారు.

తర్వాత తెల్లకాగితం మీద గది నక్షా గీసి, టైల్స్‌కు వరుస నంబర్లు వేయండి. ఎన్నింటిలో ఎన్ని డొల్ల, ఎన్ని పగిలాయి, ఎన్ని లేచాయి, అన్నీ రాయండి. ఫొటోలు పగటి వెలుతురులో తీయండి, ఫ్లాష్ వేస్తే ఎగుడుదిగుడు కనిపించదు. గుమ్మంలో నిలబడి గది మొత్తం ఒకటి, తర్వాత టేపు ఆనించి ఒక్కో పగులు దగ్గరగా. తట్టేటప్పుడు శబ్దం వినబడేలా వీడియో మధ్యలో ఆపకుండా తీయండి. ముక్కలు ముక్కలుగా తీసిన వీడియోలను నమ్మించడం కష్టం. బాత్రూం వాటం అనుమానమైతే బకెట్టు నీళ్లు పోసి, పది నిమిషాల తర్వాత నీళ్లు ఎక్కడ నిలిచాయో ఫొటో తీయండి. ఫోనులోని అసలు ఫైళ్లు చెరిపేయకండి. ఎలక్ట్రానిక్ ఆధారాలకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షను కింద ధ్రువపత్రం జతచేయాల్సి రావచ్చు, అప్పుడు అసలు ఫోనే కావాలి.

ఇక నిపుణుడి నివేదిక. ఇంకో మేస్త్రీ వచ్చి ‘పని బాగాలేదు’ అని చెబితే అది ఫిర్యాదు విచారించే వినియోగదారుల కమిషన్ ముందు నిలవదు. చార్టర్డ్ ఇంజనీరును గానీ, దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీ సివిల్ విభాగంలోని అధ్యాపకుణ్ని గానీ పిలవండి. ఆయన వచ్చే తేదీ, సమయం షాపుకూ మేస్త్రీకీ ముందే రాతపూర్వకంగా తెలియజేయండి. వాళ్లు వచ్చినా మంచిదే, రాకపోయినా మంచిదే. తెలియజేశామన్న రుజువు ముఖ్యం.

టైల్ తీయాల్సి వస్తే అప్పుడే, ఆయన ఎదుటే, వీడియో తీస్తూ ఒకే ఒక్కటి తీయించండి. దాని వెనుకవైపు చూడండి. కంపెనీ పేరు అచ్చు చదవగలిగేంత శుభ్రంగా ఉంటే అసలు పట్టు పట్టలేదని అర్థం. నాలుగు మూలలా, మధ్యలో ఒక్కో ముద్ద అతుక్కుని మిగతాదంతా ఖాళీగా ఉంటే ముద్దలు పెట్టి పని ముగించారని అర్థం. వంద మాటలు చెప్పలేనిది ఆ వెనుకవైపు ఫొటో చెబుతుంది. నివేదికలో కారణం, పాడైన విస్తీర్ణం, సరిచేయడానికయ్యే ఖర్చు మూడూ ఉండాలి. చాలా నివేదికల్లో కారణం ఉండదు, అడిగి రాయించుకోండి.

ఉత్తరం, ఆ తర్వాత ఫిర్యాదు

షాపుకూ కంపెనీకీ కాంట్రాక్టరుకూ ఒకే ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపండి. ఒకటిన్నర పేజీ దాటకూడదు, తిట్లు ఉండకూడదు. ఏం కొన్నారు, ఎప్పుడు వేయించారు, ఏం జరిగింది, ఏం కావాలి, 15 రోజుల గడువు. రసీదు, డెలివరీ వివరాల ప్రింటు దాచండి. లాయరు నోటీసు తప్పనిసరి కాదు. పోలీసు స్టేషనుకు వెళ్లడం, షాపు పేరు పెట్టి సోషల్ మీడియాలో రాయడం మాత్రం ఈ దశలో వద్దు. మాట జారితే మీ మీదే కేసు వేస్తారు.

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. చాలా కంపెనీలు ఇక్కడే దిగివస్తాయి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు చెల్లించిన మొత్తం 50 లక్షల వరకు ఉంటే ఇక్కడే వేయాలి. 5 లక్షల వరకు రుసుము లేదు. షాపు ఏ ఊళ్లో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, సొంతంగా వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. ‘వస్తాం, చూస్తాం’ అనే ఫోను మాటలతో ఆ రెండేళ్లు ఇట్టే గడిచిపోతాయి, అందుకే క్యాలెండర్లో గుర్తు పెట్టుకోండి.

ఏం అడగాలో కూడా లెక్క ఉండాలి. టైల్స్ ధర, వేసిన కూలీ, పగలగొట్టి మట్టి ఎత్తే ఖర్చు, ఆ రోజుల్లో బయట ఉండాల్సి వస్తే అద్దె, ఇంజనీరు ఫీజు, మానసిక వేదనకు పరిహారం, కేసు ఖర్చులు, వీటన్నిటినీ విడివిడిగా రాయండి. ఎక్కువమంది టైల్స్ ధర ఒక్కటే అడిగి ఊరుకుంటారు. పీకి మళ్లీ వేయడానికయ్యేది తక్కువేం కాదు.

మధ్యలో షాపువాళ్లు ‘కొత్త టైల్స్ ఉచితంగా ఇస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి’ అని రావచ్చు. రాజీ మంచిదే, నేనెప్పుడూ వద్దనను. కానీ కూలీ ఎవరిస్తారు, షేడ్ కలుస్తుందా, ఎన్ని రోజుల్లో పూర్తి చేస్తారు అన్నవి కాగితం మీదకు వచ్చాకే సంతకం. పని పూర్తయ్యాకే ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అన్న మాట.

నేలను బాగుచేయించుకోవడానికి తీర్పు దాకా ఆగాల్సిన పనిలేదు. కమిషన్‌ను అడిగి అడ్వకేట్ కమిషనర్‌తో, అంటే తనిఖీ కోసం కమిషన్ నియమించే లాయరుతో, తనిఖీ చేయించుకోండి. ఆయన నివేదిక దాఖలయ్యాక, కమిషన్‌కు తెలియజేసి పని మొదలుపెట్టవచ్చు. పీకిన టైల్స్‌లో నాలుగైదు, వెనుకవైపు బాగా కనిపించేవి, తేదీ రాసిన చీటీతో గోనెసంచిలో కట్టి అటక మీద పెట్టండి. ఓడినవాళ్లు అప్పీలుకు వెళ్లడానికి 45 రోజులు ఉంటుంది. డబ్బు మీ చేతికి వచ్చేదాకా ఆ సంచి కదపకండి.