చివరి బల్ల మీద ముందు మీరు కూర్చోండి

జూన్‌లో బడి తెరిచే ముందు రోజు నేను చేసే మొదటి పని, గది తాళం తీసి చివరి వరుసలో మూలనున్న బల్ల మీద కూర్చోవడం. నిటారుగా కాదు. తొమ్మిదో తరగతిలో పొట్టివాళ్ల కళ్లు ఎంత ఎత్తున ఉంటాయో అంత కిందికి వంగి కూర్చుంటాను. బోర్డు మీద రోజూ రాసే అక్షరాలంతలోనే ఒక లెక్క ముందే రాసి ఉంచుతాను. అక్కడి నుంచి ఘాతాంకాలు కనబడకపోతే, ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలన్నది తర్వాతి మాట. ముందు నా రాత పెద్దది కావాలి.

ఈ అలవాటు నా తప్పులోంచే పుట్టింది. ఒకప్పుడు ఎత్తును బట్టి కూర్చోబెట్టేదాన్ని, పొట్టివాళ్లు ముందు, పొడుగువాళ్లు వెనక. ఒక పొడుగాటి అబ్బాయికి చివరి బల్ల దక్కింది. నాలుగు నెలలు వాడి లెక్కలు తప్పుతూనే ఉంటే ‘శ్రద్ధ లేదు’ అని రాసి పడేశాను. ఒక రోజు నోటు పుస్తకాలు దిద్దుతుంటే కనిపించింది: వాడి పక్కవాడు 7ను 1లా రాస్తాడు, వీడి పుస్తకంలో కూడా ఏడులన్నీ ఒకట్లే. వాడు చూస్తున్నది బోర్డును కాదు, పక్కవాడి పుస్తకాన్ని. తర్వాత కళ్లద్దాలు వచ్చాయి, మార్కులూ వచ్చాయి. నేను రాసిన ఆ రెండు మాటలు మాత్రం కార్డులో అలాగే ఉండిపోయాయి.

ఇక కొలతలు. మా గదిలో బోర్డున్న గోడ 24 అడుగులు, లోతు 20. పిల్లలు 38 మంది, ఇద్దరికొకటి చొప్పున 19 డ్యూయల్ డెస్కులు. గళ్ల కాగితం మీద గడికి అడుగు చొప్పున గది గీసుకోండి. పాత శుభలేఖల అట్ట కత్తిరించి డెస్కులు చేసుకోండి. మా డెస్కు పొడవు నాలుగడుగులు, కాళ్లకు చోటు కలుపుకుంటే లోతు రెండు అడుగుల తొమ్మిది అంగుళాలు. ముందు నుంచి వెనక్కి నాలుగు బారులు వేస్తే వెడల్పులో 16 అడుగులు పోయి, నడవడానికి 8 అడుగులు మిగులుతాయి. మధ్య దారులు మూడూ రెండేసి అడుగులు, తలుపు వైపు ఇంకో రెండు. మొదటి బల్లకూ బోర్డుకూ మధ్య ఆరడుగులు వదలండి. అంతకంటే దగ్గరైతే పిల్లల మెడలు నొప్పెడతాయి, ముక్కులోకి సుద్దపొడి పోతుంది. మిగిలిన లోతులో అయిదు వరుసలు పడతాయి. ఇరవై చోట్లు, పందొమ్మిది డెస్కులు. ఖాళీ చోటు తలుపు పక్కన మొదటి వరుసలో ఉంచండి: తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది, కాలికి కట్టుతో వచ్చిన పిల్లకు కుర్చీ వేయడానికీ పనికొస్తుంది.

2025లో ఒక మలయాళ సినిమా ప్రభావంతో కేరళలో కొన్ని బడులు బల్లలను మూడు గోడల వెంబడి వేశాయి. తమిళనాడులోనూ ‘ప’ ఆకారం మాట వచ్చింది. మన ‘ప’ కాదు, తమిళ ‘ప’: పైమూత లేని పెట్టెలా ఉంటుంది. నాకూ మనసైంది. అట్ట ముక్కలు పేర్చి చూస్తే మా గదిలో పది, పదకొండు డెస్కులకు మించి పట్టలేదు. పైగా పక్క గోడల దగ్గరి పిల్లలు రోజంతా మెడ తిప్పే ఉండాలి. ఇరవై మంది లోపుంటే, చర్చ జరిగే పాఠాలకు వేసి చూడండి. లెక్కలకు వద్దు.

వెలుతురు సంగతి ఉదయం ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూడండి. బోర్డుకు ఎదురుగా కూర్చుంటే మాకు కిటికీలు ఎడమ వైపున ఉంటాయి. కుడిచేత్తో రాసేవాళ్ల నీడ పుస్తకం మీద పడదు, అది మేలే. కానీ ఎండ వాలాక తలుపు వైపు బారులో కూర్చున్నవాళ్లకు బోర్డు ఎడమ భాగం తళతళలాడుతుంది తప్ప అక్షరం కనబడదు. ముందు కిటికీకి పాత చీర కట్టాను. అప్పటికీ చివరి పీరియడులో కుడి వైపే రాస్తాను.

పేర్లు రాసేటప్పుడు ముందు కదపకూడని వాళ్లను కూర్చోబెట్టండి. చూపు తక్కువైనవాళ్లు మొదటి రెండు వరుసల్లోనే. ఒక చెవే బాగా వినబడే పిల్ల ఉంటే ఆ చెవి మీ వైపు ఉండాలి: ఎడమ చెవి మంచిదైతే గదిలో కుడి బారు. ఎడమచేతి వాటం పిల్లలకు డెస్కు ఎడమ చివర, లేకపోతే మోచేతులు గుద్దుకుని రోజూ పంచాయితీ. కబుర్ల జంటను విడదీసి చెరో మూలకు పంపకండి, గది దాటి చీటీలు నడుస్తాయి. ఒకే బారులో ఒకరి వెనక ఒకరిని, మధ్య రెండు బల్లలు వదిలి వేయండి.

వాళ్ల ఇష్టానికి వదిలేస్తే ఏమవుతుందో చూశాను. మొదటి రోజు స్వేచ్ఛగా కూర్చోమన్నాను. పది నిమిషాల్లో ఊరి పటం గదిలో దిగింది: ఏ పేట పిల్లలు ఆ పేట పిల్లలతోనే, వెనక బల్లలు ఏ పేటవో వేరే చెప్పాలా? అందుకే పక్కపక్కన ఎవరన్నది నేనే రాస్తాను, కారణం చెప్పను. ఆడపిల్లలు ఒక పక్క, మగపిల్లలు ఒక పక్క అన్న గీతను ఒక్కసారిగా చెరిపితే ఇళ్ల నుంచి కబురు వస్తుంది. బల్ల విడిచి బల్ల వేస్తున్నాను. ఇంతవరకు ఎవరూ రాలేదు.

ప్రతి సోమవారం అందరూ ఒక బల్ల వెనక్కి జరుగుతారు, చివరివాళ్లు ముందుకొస్తారు. చూపు, వినికిడి ఇబ్బంది ఉన్నవాళ్లు తమ చోట్లలోనే ఉంటారు. నెలకోసారి జంటలు మారుస్తాను. సగం మందికి నచ్చదు. “టీచర్, ఈ ఒక్క నెల!” అని బతిమాలతారు. కరగకండి.

బృందంగా పని చేయించాలంటే ముందు బల్లను వెనక్కి తిప్పాలి. వీపు ఆనించే చట్రం ఉంటుంది కాబట్టి పిల్లలు కూర్చున్నచోటే తిరగలేరు. చెరో వైపు ఇద్దరు పట్టి ఎత్తాలి, ఈడిస్తే టైల్స్ గీసుకుపోతాయి. దానికి అయిదు నిమిషాలు పోతాయని లెక్క వేసుకునే పాఠం మొదలుపెట్టండి.

నేల మీద సుద్దతో గుర్తులు పెడితే మర్నాడు ఊడ్పులో పోతాయి. నేను మా అమ్మాయి గోళ్లరంగు తెచ్చి ప్రతి డెస్కు ముందు కాళ్ల దగ్గర చుక్క పెట్టాను. సాయంత్రం గంట కొట్టాక కాళ్లు చుక్కల మీదికి చేర్చి వెళ్లడం చివరి వరుసవాళ్ల పని.