వెయ్యి కిలోమీటర్లు దాటాక బండిని గట్టిగా నడపడం ఎలా

కొత్త కారు ఓడోమీటరు మీద వెయ్యి పడ్డ రోజు పొద్దున్నే జడ్చర్ల నుంచి మా బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, ఇగ తొక్కుడే గదా?" అని. నెల రోజులుగా నన్ను ఎద్దులబండి తోలుతున్నవని ఎగతాళి చేస్తున్నాడు.

నాది నలగొండలో మోటార్ వైండింగ్ షాపు. నిరుడు దసరాకు హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ కారు తీసుకున్నాను, ఆరు గేర్ల మాన్యువల్. 998 సీసీ, మూడు సిలిండర్ల టర్బో (గాలిని బలంగా లోపలికి నెట్టే చక్రం) ఇంజిన్, 120 పీఎస్. మొదటి వెయ్యి కిలోమీటర్లు ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో చూపే ముల్లును 4,000 ఆర్‌పీఎం దాటనివ్వలేదు. ఒకే స్పీడులో గంటలకొద్దీ పోకూడదని హైవే మానేసి దేవరకొండ రోడ్డు మీదే తిరిగాను. అక్కడ ఊరూరికీ గేర్లు మార్చక తప్పదు.

ఇదంతా నాకు కొత్త కాదు. మా నాయిన ట్రాక్టర్ ఇంజిన్‌కు బోరింగ్ (అరిగిన సిలిండర్లను మళ్లీ కోయించడం) చేయించినప్పుడల్లా మెకానిక్ ఒకటే మాట చెప్పేవాడు: "పది రోజులు కేజ్‌వీల్స్ తొడిగి పొలంలో దింపకు." బురద దున్నే ఆ ఇనుప చక్రాలతో ఇంజిన్ మీద భారం వేయొద్దని. కొత్త సిలిండర్ గోడ మీద సన్నటి గీతలుంటాయి. పిస్టన్ రింగులు వాటి మీద రాసుకుంటూ రాసుకుంటూ కుదురుకోవాలి. ఆ తర్వాత లోడు పెట్టాలి. పెట్టకపోయినా బాగుండదు, ఇంజిన్ మొద్దుబారినట్టు ఉంటుంది.

అయితే వెయ్యి పడగానే ముల్లును రెడ్‌లైన్‌కు, అంటే దాటకూడని ఎర్ర గీతకు, తీసుకుపోవద్దు. వెయ్యి నుంచి పదిహేను వందల దాకా మెట్లు మెట్లుగా ఎక్కించాలి. నేను ప్రతి వంద కిలోమీటర్లకు ఒక ఐదొందల ఆర్‌పీఎం పెంచుకుంటూ పోయాను. ఇది నా లెక్క. మీ బండి మాన్యువల్‌లో వేరే రాసి ఉంటే అదే పాటించండి.

ఆదివారం పొద్దున ఆరింటికి బయలుదేరతాను. అంతకు ముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూసుకుంటాను. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద ఎంత రాసి ఉందో అంతే. మే నెలలో నలగొండ ఎండకు మధ్యాహ్నం గాలి చూస్తే ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువైందని తీసేస్తే మర్నాడు పొద్దునకు తక్కువైపోతుంది. తక్కువ గాలితో గట్టిగా నడిపితే టైరు పక్కగోడ వేడెక్కుతుంది. హైవే మీద పేలిన టైర్లలో చాలా వాటి కథ ఇదే అని నా అనుమానం.

మాకు దగ్గరలో నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు ఉంది. నాలుగు లైన్లు, మధ్యలో డివైడర్. ఇంటి నుంచి తిప్పర్తి దాటే దాకా మామూలుగా నడుపుతాను. నీళ్ల వేడి చూపించే గేజు ఐదు నిమిషాల్లో సగానికి వచ్చి నిలబడుతుంది, దాన్ని నమ్మొద్దు. నీళ్లు వేడెక్కినంత తొందరగా ఆయిల్ వేడెక్కదు, దానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. చల్లటి ఆయిల్‌తో తొక్కితే ఇన్నాళ్ల ఓపికా బూడిదలో పోసిన పన్నీరే.

ఇక అసలు పని. గట్టిగా నడపడం అంటే మా బామ్మర్ది లెక్కలో స్పీడు. నా లెక్కలో ఆర్‌పీఎం. ముందూ వెనకా రోడ్డు ఖాళీ చూసుకుని రెండో గేరులో 2,000 దగ్గర మొదలుపెట్టి యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కుతాను. 6,000 రాగానే కాలు తీసేస్తాను. క్లచ్ నొక్కను, బ్రేకు వేయను. ఇంజినే బండిని వెనక్కి గుంజుతూ 2,500కి దించుతుంది. తొక్కినప్పుడు రింగుల మీద ఒక రకం ఒత్తిడి, వదిలినప్పుడు ఇంకో రకం. రెండూ కావాలి. తర్వాత రెండు కిలోమీటర్లు నింపాదిగా పోయి మళ్లీ ఒకసారి. అలా ఐదారుసార్లు చాలు. మూడో గేరులో 4,500 దగ్గరే ఆపేస్తాను. ఎందుకంటే డివైడర్ ఉన్న నాలుగు లైన్ల రోడ్డు మీద 2018 నుంచి కార్లకు గరిష్ఠ వేగం 100. బోర్డు మీద అంతకంటే తక్కువ రాసి ఉంటే అదే లెక్క. మూడో గేరును చివరిదాకా గుంజాలని ఉంటే చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో రేస్ ట్రాక్ ఉంది, అక్కడికి పోండి.

టర్బో బండికి నిజంగా చెడు చేసేది ఎక్కువ ఆర్‌పీఎం కాదు, తక్కువ ఆర్‌పీఎం మీద ఎక్కువ లోడు. ఐదో గేరులో 1,200 మీద పోతూ, లారీని దాటాలని గేరు దించకుండా ఫుల్లుగా తొక్కేవాళ్లను రోజూ చూస్తాను. అప్పుడు సిలిండర్‌లో స్పార్క్ పడకముందే పెట్రోల్ అంటుకునే ప్రమాదం ఉంది. ఆ దెబ్బకు పిస్టనే పగలొచ్చు. లో ఓల్టేజీలో బోరు మోటార్ ఆన్ చేసినట్టే ఇది. గుంజలేక ఉమ్మని మూలుగుతుంది, కాసేపటికి వైండింగ్ కాలిన వాసన. నా షాపు నడిచేదే వాటి మీద. కాబట్టి దాటాలంటే రెండు గేర్లు దించండి. ఇంజిన్ అరిస్తే అరవనీయండి.

కొత్త టైర్ల మీద అచ్చు నుంచి వచ్చిన నున్నటి పొర ఉంటుంది, మొదటి కొన్ని వందల కిలోమీటర్లు అంత పట్టు ఉండదు. బ్రేకులనూ మచ్చిక చేసుకోవాలి. 60 నుంచి 20కి గట్టిగా తగ్గించాలి, పూర్తిగా ఆపొద్దు. పదిసార్లు అలా చేసి, తర్వాత ఐదు కిలోమీటర్లు బ్రేకు ముట్టకుండా చల్లబడనివ్వాలి. వేడి మీద ఆగి పెడల్ తొక్కి పట్టుకుంటే డిస్కు మీద మచ్చ పడుతుంది. ఆ తర్వాత అద్దంలో వెనక ఎవరూ లేరని చూసుకుని, 50 మీద ఒక్కసారి శక్తికొద్దీ బ్రేకు తొక్కి చూడండి. కాలి కింద పెడల్ దడదడమంటుంది. అది ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) పనిచేస్తున్న గుర్తు, భయపడి కాలు తీయొద్దు.

ఆ దడదడ ముందే తెలియడం నాకు కార్తీకంలో అక్కరకొచ్చింది. దేవరకొండ నుంచి వస్తున్నాను, సాయంత్రం ఆరున్నర. మలుపు తిరగ్గానే సగం రోడ్డు మీద వడ్లు ఎండబోసి ఉన్నాయి. చుట్టూ వరసగా రాళ్లు, పైన నల్ల టార్పాలిన్. నేను 60 మీదే ఉన్నాను, అయినా ముందు చక్రం వడ్ల అంచు ఎక్కింది. గోలీల మీద కాలేసినట్టు బండి పక్కకు జారింది. కాలు తీయకుండా తొక్కే ఉంచాను. రాయికి జానెడు దూరంలో ఆగింది. అక్కడ కూర్చున్న పెద్దమనిషి లేచొచ్చి బండి చూడలేదు, కింద చిందిన వడ్లు చూశాడు. "జర మెల్లగ రా బిడ్డా" అన్నాడు. నిజం చెప్పాలంటే రోడ్డు మీద ఎండబోయడం తప్పే. ఆ మాట ఆయనతో అనలేకపోయాను, మా నాయినా అదే చేసేవాడు. అప్పటి నుంచి పొద్దుగూకాక, కోతల కాలంలో, రెండు లైన్ల రోడ్డు మీద నేను తొక్కను.

శ్రీశైలం ఘాట్ కూడా దీనికి పనికిరాదు. మన్ననూరు దాటితే అమ్రాబాద్ పులుల అడవి, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లనే వదలరు. పగలు కోతులు, యాత్రికుల బస్సులు. అక్కడ చేయాల్సింది ఒక్కటే: దిగేటప్పుడు మూడో గేరో రెండో గేరో వేసి, బ్రేకుల భారం ఇంజిన్ మీద పెట్టడం.

తిరిగొచ్చేటప్పుడు చివరి మూడు కిలోమీటర్లు మెల్లగా రండి. ఇంటి ముందు అరనిమిషం ఇంజిన్ అలాగే ఉంచి ఆపండి. వేడి టర్బోకు ఆయిల్ తిరుగుతూ ఉండాలి. పది నిమిషాలాగి, చదునైన చోట డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూపే పుల్ల) తీసి చూడండి. కొత్త ఇంజిన్ కొంచెం ఆయిల్ తాగొచ్చు. నేనైతే ప్రతి ఆదివారం షాపు ఖాతా పుస్తకం చివరి పేజీలో రాసుకుంటాను. కంపెనీ చెప్పిన గడువుకు ముందే, 2,000 దగ్గరే, నా డబ్బుతో ఒకసారి ఆయిల్ మార్పించాను. అవసరం లేదని చాలామంది అంటారు. మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించి బిల్లు దాచుకున్నాను.

మొదటిసారి పూర్తిగా తొక్కి ఇంటికొచ్చిన రోజు బామ్మర్ది మళ్లీ ఫోన్ చేశాడు.

"ఎంత కొట్టింది బావా?"

"ఆరు వేలు, రెండో గేర్ల."

కాసేపు చప్పుడు లేదు. "నేను అడిగింది స్పీడు బావా," అన్నాడు.